నీళ్లు కట్టేసి గెలిచిన కోట

1814 అక్టోబరు నెలాఖరు. అర్ధరాత్రి దాటింది. డెహ్రాడూన్ ఊరికి ఈశాన్యంగా, సాల వృక్షాలు దట్టంగా కమ్ముకున్న గుట్ట మీద, కాగడా వెలుతురులో ఒక పాతికేళ్ల యువకుడు ఉత్తరం అందుకున్నాడు. కింద లోయలో దిగిన ఈస్టిండియా కంపెనీ సైన్యం పంపిన ఉత్తరం అది. కోట అప్పగించి బయటికి రమ్మని అందులోని సారాంశం. యువకుడు దాన్ని చూసి, అక్కడికక్కడే చింపి పారేశాడు.

"ఇంత రాత్రప్పుడు ఉత్తరాలు పుచ్చుకునే అలవాటు మాకు లేదు. మీ దొరకు నా సలాం చెప్పు. త్వరలో నేనే ఆయన విడిదికి వచ్చి కలుసుకుంటానని కూడా చెప్పు."

ఈ జవాబును భద్రంగా రాసిపెట్టుకున్నది బ్రిటిష్ వాళ్లే. ఆ యువకుడి పేరు బలభద్ర కుంవర్, గోర్ఖా సైన్యంలో కెప్టెన్. ఉత్తరం పంపిన దొర కర్నల్ మాబీ. నాలాపానీ గుట్ట మీదున్న ఆ కోటను నేపాలీలు ఖలంగా అంటారు, ఇంగ్లిషు రికార్డులు కలుంగా అన్నాయి. కోట అన్న మాట వినగానే మనకు గోల్కొండో, కొండవీడో కళ్లముందు మెదులుతుంది. ఇది అలాంటిది కాదు. ఇంకా పూర్తిగా లేవని రాతి గోడలు, వాటి సందుల్ని పూడ్చిన దుంగలు. లోపల ఆడవాళ్లు, పిల్లలతో కలిపి ఆరువందల మంది. కొద్దిరోజుల్లో వాళ్ల మీదికి రాబోతున్న సైన్యం మూడున్నర వేలు.

అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైంది? ఈ గుట్ట మీద కాదు, వందల మైళ్ల అవతల, నేపాల్ కొండల కింద తెరాయి మైదానంలో. బుట్వల్, స్యూరాజ్ అనే రెండు తాలూకాల శిస్తు ఎవరిదన్నదే తగువు. రెండు తరాలుగా గోర్ఖా రాజ్యం తూర్పున తీస్తా నుంచి పడమట సట్లెజ్ దాకా కొండలన్నీ మింగుతూ వచ్చింది. కంపెనీ కింది నుంచి మైదానాలన్నీ మింగుతూ వచ్చింది. రెండు నోళ్లూ తెరాయి దగ్గర ఎదురుపడ్డాయి. 1814 మే నెలలో బుట్వల్ ఠాణాల మీద నేపాలీలు దాడి చేసి కంపెనీ పోలీసుల్ని చంపారు. గవర్నర్ జనరల్ లార్డ్ మోయిరాకు కావలసిన సాకు దొరికింది. ఖర్చుకు కంపెనీ ఖజానాలో డబ్బు లేదు. అవధ్ నవాబు ఘాజీ ఉద్దీన్ హైదర్ దగ్గర రెండు విడతలుగా రెండు కోట్ల రూపాయలు అప్పు తెచ్చారు. అందులో ఒక కోటిని తర్వాత నేపాల్ నుంచి లాక్కున్న భూమితోనే చెల్లు పెట్టారు. ఎవరి సొమ్ముతో ఎవరి భూమి గెలిచి ఎవరి బాకీ తీర్చారో చూడండి!

కంపెనీ నాలుగు దారుల్లో నాలుగు సైన్యాలు పంపింది. లూధియానా నుంచి ఆక్టర్లోనీ, మీరట్ నుంచి గిలెస్పీ, గోరఖ్‌పూర్ వైపు నుంచి ఉడ్, దానాపూర్ నుంచి మార్లీ. ఉడ్ జీత్‌గఢ్ దగ్గర దెబ్బ తిని వెనక్కి తగ్గాడు. మార్లీ సంగతి మరీ విచిత్రం. ఎనిమిది వేల సైన్యాన్ని చేతిలో పెట్టుకుని, కాఠ్‌మాండూ దారి పట్టే ధైర్యం చాలక, 1815 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఎవరికీ చెప్పాపెట్టకుండా సొంత శిబిరం నుంచే జారుకున్నాడు. ఆ ఇద్దరి సంగతి ఇక్కడితో చాలు.

గిలెస్పీ అలాంటివాడు కాదు. ఆగమన్నా ఆగే రకం కాదు.

మేజర్ జనరల్ రాబర్ట్ రోలో గిలెస్పీ ఐర్లండులో డౌన్ కౌంటీవాడు. పొట్టి మనిషి. సాన్ డొమింగోలో తన ఇంట్లో చొరబడ్డ ఎనిమిది మంది దోపిడీగాళ్లను ఒక్కడే ఎదుర్కొని ఆరుగురిని నరికాడని, బెంగళూరు పందేల మైదానంలోకి వచ్చిన పులిని గుర్రం మీద నుంచి బల్లెంతో పొడిచాడని కథలు చెబుతారు. కథల్ని పక్కన పెట్టినా, అతని పేరు చరిత్రలో ఎక్కింది మనకు చాలా దగ్గరి ఊళ్లో. చిత్తూరు పక్కన వేలూరులో.

1806 జులై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు తిరగబడ్డారు. నుదుటి బొట్టు చెరిపేయమని, గడ్డాలు గీయమని, తోలు తురాయి ఉన్న కొత్త టోపీ పెట్టుకోమని తెచ్చిన నిబంధనలు వాళ్లకు రోత పుట్టించాయి. టిప్పు సుల్తాన్ కుమారులు అదే కోటలో బందీలుగా ఉన్నారు. ఆ పూట గిలెస్పీ అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఆర్కాటులో ఉన్నాడు. కబురు అందీ అందగానే అందిన గుర్రపు రౌతుల్ని వెంటేసుకుని దౌడు తీశాడు. గోడ మీద మిగిలిన తెల్ల సిపాయిలు వదిలిన తాడు పట్టుకుని పైకి పాకాడు. గుర్రాలు లాగే చిన్న ఫిరంగులు రాగానే తలుపు పగలగొట్టించాడు. తర్వాత జరిగింది ఊచకోత. దొరికిన సిపాయిల్ని గోడకు వరసగా నిలబెట్టి కాల్చారు. చచ్చినవాళ్లు వందల్లో. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు ఎందరుండేవారో తెలిసినవాళ్లకు ఆ గోడ దగ్గర ఎవరి పిల్లలు నిలబడ్డారో వేరే చెప్పనక్కర్లేదు.

ఎనిమిదేళ్ల తర్వాత ఖలంగా ముందుకు వచ్చింది ఈ గిలెస్పీయే. వేలూరు అతనికి ఒక పాఠం నేర్పింది. ఆలోచించకుండా దూకితే కోట లొంగుతుందని! ఆ తర్వాత జావాలోనూ అదే పద్ధతిలో గెలిచాడు. ఒక పద్ధతి రెండుసార్లు పనిచేస్తే మూడోసారి కూడా పనిచేస్తుందని నమ్మడం ఒక్క సేనాపతులకే ఉన్న జబ్బేమీ కాదు.

మాబీ తొలి ప్రయత్నం వట్టిపోయాక గిలెస్పీ స్వయంగా వచ్చాడు. ఏనుగుల మీద ఫిరంగులు గుట్ట ఎక్కించాడు. సైన్యాన్ని నాలుగు దండులుగా విడదీసి, వెనక ఒక దండును అట్టేపెట్టాడు. కొన్ని దండులు కొండ చుట్టూ తిరిగి దూరం నుంచి రావాలి. ఫిరంగి సంకేతం వినపడ్డాక, అందరూ సర్దుకునేందుకు వ్యవధి ఇచ్చి, నాలుగు వైపుల నుంచీ ఒకేసారి మీద పడాలి. కాగితం మీద లోపం లేదు.

అక్టోబరు 31. పొద్దున్నే ఫిరంగులు మోగడం మొదలుపెట్టాయి. గోడకు పెద్దగా ఏమీ కాలేదు. గోర్ఖాలు కొందరు బయటికి దూకి వచ్చి కలబడి వెనక్కి మళ్లారు. వాళ్ల వెంటే కోటలోకి దూరిపోవచ్చని గిలెస్పీకి తోచింది. అనుకున్న వేళకంటే ముందే సంకేతం ఇప్పించాడు. కొండ అవతల తిరుగుతున్న మూడు దండులకు అది అందనే లేదు. గోడ కిందికి పరుగెత్తింది దగ్గరున్నవాళ్లు మాత్రమే.

గోడ మీద నుంచి గుళ్లు, బాణాలు, రాళ్లు. రాళ్లు విసురుతున్నవాళ్లలో ఆడవాళ్లున్నారు. ఫిరంగి మోతల మధ్య, మరుగు కూడా చూసుకోకుండా గోడ మీద నిలబడి రాళ్లు రువ్వుతున్న స్త్రీలను చూసి విస్తుపోయామని బ్రిటిష్ అధికారులే రాశారు. నిచ్చెనలు మోసినవాళ్లు మోసినచోటే కూలారు. దండు వెనక్కి తగ్గింది.

అప్పుడైనా ఆగాల్సింది. గిలెస్పీ ఆగలేదు. శిబిరం నుంచి 53వ పటాలం కంపెనీలు మూడింటిని కొత్తగా రప్పించాడు. రెండు ఫిరంగుల్ని గుమ్మానికి చేరువగా ఈడ్పించాడు. తనకు పాత పరిచయమున్న రాయల్ ఐరిష్ రౌతులు వందమంది గుర్రాలు దిగి ముందు నడిచారు. వెనక రావలసిన పటాలం జంకింది. ఒకసారి తిరగ్గొట్టిన గోడ మీదికి మళ్లీ పొమ్మంటే కాళ్లు రావు కదా. గిలెస్పీ కత్తి ఎత్తి, టోపీ ఊపి, డౌన్ కౌంటీ పరువు కోసం ఇంకొక్క దెబ్బ అని కేక పెట్టాడంటారు. గుమ్మం ముప్ఫై గజాల దూరంలో ఉంది. గుండు నేరుగా గుండెలో దిగింది.

ఆ రోజు కంపెనీ పక్షాన చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి రెండువందలు దాటారు. ఇంకో సంగతి. లార్డ్ మోయిరా యుద్ధ ప్రకటన వెలువడింది నవంబరు 1న. అంటే అధికారికంగా యుద్ధం మొదలు కావడానికి ఒక రోజు ముందే ఆ యుద్ధపు సేనాపతుల్లో ఒకడు పోయాడు. లండన్‌కు ఆ కబురు చేరేలోపే, 1815 కొత్త సంవత్సరపు బిరుదుల్లో అతన్ని 'సర్' చేశారు. వార్త వెళ్లడానికి నెలలు పట్టే కాలం మరి.

మాబీ మళ్లీ పెత్తనం తీసుకుని డెహ్రాడూన్‌కు దిగిపోయాడు. ఢిల్లీ నుంచి పెద్ద ఫిరంగులు రావాలి. నాలుగు వారాలు అలా గడిచాయి. ఆ నాలుగు వారాల్లో కోటలోపల ఏం జరిగిందో మనకు చెప్పగలిగినవాళ్లు ఎవరూ రాసి పెట్టలేదు. గోడకు పడ్డ చిల్లులు పూడ్చి ఉంటారు. గాయపడ్డవాళ్లకు పసరు వైద్యం చేసి ఉంటారు. ధాన్యం కొలుచుకుని ఉంటారు. నీళ్లు మాత్రం రోజూ కిందికి దిగి తెచ్చుకోవాల్సిందే. ఊట కోట గోడలకు బయట ఉంది.

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి. మన దక్కను కోటల్లో ఎక్కడికి వెళ్లినా ముందు చూపించేది కోనేరు, దిగుడుబావి, కొండమీది చెరువు. కోట కట్టేవాడు గోడకంటే ముందు నీళ్లు చూసుకునేవాడు. ఖలంగాలో ఆ తీరిక లేకపోయింది. యుద్ధం ముంచుకొస్తోందని హడావిడిగా గోడలు లేపిన కోట అది. కుండల్లో కాసిని నీళ్లు నిలవ చేసుకుని ఉన్నారంతే.

నవంబరు 24న ఢిల్లీ ఫిరంగులు వచ్చాయి. మర్నాటి నుంచి మోత మొదలైంది. 27 మధ్యాహ్నానికి గోడకు మనిషి పట్టేంత గండి పడిందన్నారు. రెండో దాడి. గండి దగ్గరికి వెళ్లినవాళ్లకు అసలు సంగతి తెలిసింది. అవతల నేల లేదు, నిట్టనిలువు లోతు ఉంది. దానికింద కత్తులు, ఈటెలతో మనుషులు. గండికి అడ్డంగా గురిపెట్టిన ఒక ఫిరంగి ఇనుపముక్కలు చిమ్ముతోంది. హారింగ్‌టన్ అనే కుర్ర లెఫ్టినెంటు గండి ఎక్కి రండి రండి అని పిలుస్తూ అక్కడే ప్రాణం వదిలాడు. వెంట ఎవరూ వెళ్లలేదు. రెండు గంటలు గుళ్ల వానలో నిలబడి వెనక్కి వచ్చారు. ఆ ఒక్క రోజు చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిసి ఐదువందలకు కొంచెం తక్కువ. రెండు దాడుల్లో కలిపి లెక్కేస్తే, కోటలో ఉన్న మొత్తం జనం కంటే ఎక్కువ మందిని కంపెనీ పోగొట్టుకుంది.

ఈ ఫిరంగి మోతల రోజుల్లోనే జరిగిన ఒక ఘటన బ్రిటిష్ రాతల్లో ఉంది. గండిలోంచి ఒక మనిషి చెయ్యి ఊపుతూ బయటికి వచ్చాడు. ఫిరంగులు ఆపారు. దగ్గరికి వచ్చాక చూస్తే కింది దవడ గుండు దెబ్బకు నుజ్జయిపోయి ఉంది. వైద్యం చేయించుకోవడానికి వచ్చాడు. ఆస్పత్రిలో కట్టు కట్టారు, బాగుచేశారు. కోలుకున్నాక ఏం చేస్తావని అడిగితే, మా వాళ్ల దగ్గరికి వెళ్లి మళ్లీ మీతో కొట్లాడాలి, సెలవివ్వండి అన్నాడట. ఆంగ్లో నేపాల్ యుద్ధం గురించి ఎవరు రాసినా ఈ కథ చెప్పకుండా వదలరు. చెప్పాల్సిందే. కాని ఈ కథ చెప్పి అక్కడితో ఆగిపోయేవాళ్ల మీదే నాకు అభ్యంతరం. ఎందుకంటే ఆ తర్వాతి మూడు రోజుల్లో జరిగినదాంట్లో ఇలాంటి పెద్దమనిషి తరహా ఏదీ లేదు.

రెండోసారి ఓడాక మాబీకి బుద్ధి వచ్చింది. ఇక మనుషుల్ని పంపడం మానేశాడు. ఊట దగ్గర కాపలా పెట్టించి కోటకు నీళ్ల దారి మూయించాడు. పగలూ రాత్రీ గుండ్లు వేయించాడు. పైకప్పుల్లేని కోటలో పేలే గుండ్ల నుంచి దాక్కోవడానికి చోటు లేదు. నిలవ నీళ్ల కుండలు కూడా ఆ గుండ్లకే పగిలిపోయాయంటారు. ఒక రోజు. రెండు రోజులు. మూడు రోజులు. గాయం తగిలిన మనిషికి మొదట వేసేది దాహం. ఆ కోటలో గాయం లేని మనిషే తక్కువ. తల్లి దగ్గర పాలు ఎండిపోతే చంటిపిల్లకు నోట్లో వేసేందుకు తడి లేదు. చచ్చినవాళ్లను తగలెయ్యడానికి కట్టె లేదు, పాతడానికి రాతిగుట్ట మీద మట్టి లేదు. బతికినవాళ్లు వాళ్ల మధ్యే కూర్చున్నారు.

నవంబరు 30న, ఇంకా తెల్లవారకముందే, కోట తలుపు తెరుచుకుంది. బలభద్రుడు బయటికి వచ్చాడు. వెంట డెబ్బై మంది. ఆరువందల్లో నడవగలిగినవాళ్లు అంతే మిగిలారు. ఖుక్రీలు చేతపట్టి కంపెనీ కాపలాను చీల్చుకుని కొండల్లోకి వెళ్లిపోయారు. నేపాల్‌లో ఈ ఘట్టాన్ని ఇంకొంచెం ఘనంగా చెప్పుకుంటారు. గుమ్మం దాటుతూ బలభద్రుడు గొంతెత్తి, మీరు ఈ కోట గెలవలేదు, నా ఇష్టంతో నేనే వదిలి వెళుతున్నాను అన్నాడని, కొండవాగు దగ్గర కడుపునిండా నీళ్లు తాగాకే ముందుకు నడిచాడని. ఆ మాటలు అన్నాడో లేదో గాని, నీళ్లు తాగాడన్నది మాత్రం నేను నమ్ముతాను.

తెల్లవారాక కంపెనీ సిపాయిలు లోపలికి వెళ్లారు. చిత్రకారుడూ యాత్రికుడూ అయిన జేమ్స్ బైలీ ఫ్రేజర్ ఆ కోట సంగతులు రాశాడు. అడుగు పెట్టేచోటు లేకుండా శవాలు. ముక్కలైన అవయవాలు. ఇంకా ప్రాణం ఉన్నవాళ్లు నీళ్ల కోసం మూలుగుతున్నారు. కాలు తెగిన ఒక పడుచును ఆస్పత్రికి మోసుకొచ్చారు. తుపాకి గుండు రెండు తొడల్లోంచీ దూసుకుపోయిన ఒక పసివాణ్ణి బతికించారు. ఏ గాయమూ లేని మూడు నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు దొరికాడు. తండ్రి సుబేదారు, చచ్చిపోయాడు. కోట ఖాళీ చేసిన రాత్రి పిల్లవాడు లోపలే ఉండిపోయాడు. తొంభైకి పైగా శవాల్ని కాల్చి, తర్వాత కోటను నేలమట్టం చేశారు.

గోర్ఖాలను దేవుళ్లను చేయడం నా ఉద్దేశం కాదు. ఆ దూన్ లోయ వాళ్ల సొంతమూ కాదు. పదేళ్ల ముందు, 1804లో, గఢ్వాల్ రాజు ప్రద్యుమ్న షాను ఇదే దూన్‌లో చంపి దాన్ని ఆక్రమించారు. శిస్తు కట్టలేని గఢ్వాలీ కుటుంబాలను హరిద్వార్‌లో బానిసలుగా అమ్మేసేవారు. ఆ పాలన మాట వస్తే గఢ్వాల్ ముసలివాళ్లు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. కింద కంపెనీ సైన్యాన్ని చూసి లోయలో ఎందరో ఊపిరి పీల్చుకుని ఉంటారు. అయినా ఖలంగాలో దాహంతో పోయిన ఆ స్త్రీలు, పిల్లలు ఎవర్నీ హరిద్వార్‌లో అమ్మలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. బలభద్రుడు జైథక్ కోటకు చేరి అక్కడా పోరాడాడు. 1815 ఏప్రిల్లో మలావ్ దగ్గర డెబ్బై దాటిన ముసలి సర్దారు భక్తి థాపా కత్తి పట్టి ఫిరంగుల మీదికి ఉరికి పోయాడు. అతని శవాన్ని కంపెనీ శాలువా కప్పి గౌరవంగా తిప్పి పంపింది. మే నెలలో గోర్ఖా సేనాపతి అమర్ సింగ్ థాపా ఆక్టర్లోనీకి లొంగాడు. 1816 మార్చి 4న సుగౌలీ సంధి ఖాయమైంది. నేపాల్ కుమావూం, గఢ్వాల్, సిక్కిం, తెరాయిలో చాలా భాగం పోగొట్టుకుంది. పడమటి ఎల్లగా కాళీ నది అన్నారు. ఆ నది ఎక్కడ పుట్టిందన్న తగువు ఇప్పటికీ రెండు దేశాల మధ్య నలుగుతూనే ఉంది. 2020లో కాలాపానీ, లింపియాధురా తనవంటూ నేపాల్ కొత్త పటం అచ్చేసింది కూడా.

యుద్ధం ముగియకముందే, 1815 ఏప్రిల్లోనే, కంపెనీ గోర్ఖాలను తన కొలువులోకి తీసుకోవడం మొదలుపెట్టింది. నసీరీ, సిర్మూర్, కుమావూం పటాలాలు అలా పుట్టాయి. శత్రువు ధైర్యాన్ని అంతగా మెచ్చుకోవడంలో ఒక బేరం కూడా ఉంది. మంచి సరుకు చూసినవాడే మెచ్చుకుంటాడు. నీళ్లు కట్టేసిన సంగతి పక్కకు పోయి, దవడ పగిలిన సిపాయి కథ పదే పదే అచ్చయింది అందుకే అని నా అభిప్రాయం. బలభద్రుడు మాత్రం ఇంగ్లిషువాళ్ల కొలువులో చేరలేదు. లాహోరు వెళ్లి రంజిత్ సింగ్ సైన్యంలో చేరాడు. 1823 మార్చిలో నౌషెరా యుద్ధంలో ఆఫ్ఘన్ల చేతిలో చనిపోయాడు.

డెహ్రాడూన్, ముస్సోరీ యాత్రకు మనవాళ్లు ఏటా వేలమంది వెళతారు. సహస్రధార జలపాతం చూడకుండా ఎవరూ రారు. ఆ రోడ్డు పక్కనే, రిస్పనా వాగు దాపున, పక్కపక్కనే రెండు చిన్న తెల్లని స్తంభాలున్నాయి. ఒకటి గిలెస్పీకి, అతనితో పోయినవాళ్లకు. రెండోది శత్రువైన బలభద్రుడికి, అతని గోర్ఖాలకు, కంపెనీవాళ్లే ఎత్తించింది. ఈసారి వెళితే టాక్సీవాణ్ణి పది నిమిషాలు ఆపమనండి. రెండు ఫలకాలూ పూర్తిగా చదవండి. ఆ కోటలో ఉన్న ఆడవాళ్ల గురించి, పిల్లల గురించి వాటి మీద ఒక్క ముక్క లేదు.